రంగును నమ్మిన వైరింగ్: గోడలోని ఒక వీజీఏ కేబుల్ కేసు

నేపథ్యం

ఒక శిక్షణ సంస్థలోని తరగతి గదిలో, పైకప్పుకు బిగించిన ప్రొజెక్టర్ నుంచి బోధకుల బల్ల పక్కనున్న గోడ దాకా సుమారు 15 మీటర్ల వీజీఏ కేబుల్‌ను (కంప్యూటర్ బొమ్మను తెరకు చేరవేసే పాత రకం వీడియో కేబుల్) కాండ్యూట్ పైపులో వేశారు. గోడ దగ్గర అది ఒక వాల్‌ప్లేట్‌లో, అంటే గోడకు బిగించిన సాకెట్ పలకలో, ముగుస్తుంది; అక్కడి నుంచి బోధకులు తమ ల్యాప్‌టాప్‌లను పొట్టి కేబుల్‌తో కలుపుకుంటారు. రెండు చివర్లా అచ్చుపోసిన ప్లగ్గులతో వచ్చిన కేబులే అయినా, ప్లగ్గు పైపులో పట్టదు కనుక గోడ వైపు ప్లగ్గును కోసేసి, తెగిన వైర్లను వాల్‌ప్లేట్ సాకెట్ వెనుక సోల్డర్ చేశారు. ప్రొజెక్టర్ వైపు ప్లగ్గు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది, చివరికి ఈ కేసును తేల్చింది కూడా అదే. సంస్థను, వ్యక్తులను, పరికరాల తయారీదారులను గుర్తుపట్టగల వివరాలు తీసివేసి, ఒక్కో నిర్ణయం వెనుక ఉన్న ఆలోచనను ఇక్కడ నమోదు చేస్తున్నాను.

వీజీఏ 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో వచ్చింది. మూడు వరుసల్లో ఐదేసి చొప్పున 15 పిన్నులుండే ఆ కనెక్టర్‌లో ఏ పిన్ను ఏ సిగ్నల్‌దన్నది అందరూ ఒకేలా పాటిస్తారు. 1, 2, 3 పిన్నులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వీడియో సిగ్నళ్లు. వాటి కిందనే ఉన్న 6, 7, 8 పిన్నులు అవే సిగ్నళ్ల తిరుగుదారులు, అంటే ఒక్కో కోయాక్స్ తీగలో మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక, షీల్డు. 13 హెచ్-సింక్, 14 వీ-సింక్ (ఒక్కో అడ్డ వరుస, ఒక్కో కొత్త బొమ్మ ఎప్పుడు మొదలవాలో చెప్పే సిగ్నళ్లు), 5, 10 గ్రౌండ్లు. 9వ పిన్నులో కంప్యూటర్ నుంచి 5 వోల్టులు వస్తాయి; 12, 15 పిన్నుల మీదుగా ప్రొజెక్టర్ తన సామర్థ్యాల వివరాలను, అంటే ఈడీఐడీని, కంప్యూటర్‌కు చెబుతుంది. ఈ చివరి ఏర్పాటు మొదటి నుంచీ లేదు. 1994లో, తెరల ప్రమాణాలు రూపొందించే వెసా సంస్థ తెచ్చిన డీడీసీ ప్రమాణంతో వచ్చింది. అందుకే పాత పిన్ పటాల్లో 9వ పిన్ను ఖాళీగా, 12, 15 పిన్నులు ఉత్త గుర్తింపు పిన్నులుగా కనిపిస్తాయి. అలాంటి పటం చేతికి దొరికినవారు ఆ మూడు వైర్లు లేకపోయినా బొమ్మ వస్తుందనుకుంటారు. బొమ్మ రావడం వరకు ఆ మాట నిజమే కావడం వల్ల ఇంకా ఎక్కువ ఇబ్బంది.

పిన్నుకు ప్రమాణం ఉంది. కేబుల్ లోపలి సన్నని వైరుకు మాత్రం లేదు. నెట్‌వర్క్ కేబుల్ వేసి అలవాటైనవారు సాధారణంగా ఇక్కడే పొరబడతారు. అక్కడ టీ568ఏ, టీ568బీ అని రంగుల వరుసే ప్రమాణంలో రాసి ఉంటుంది, రంగు చూసి పని చేయడమే అక్కడ సరైన పద్ధతి. వీజీఏ కేబుల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం తొడుగులున్న మూడు కోయాక్స్ తీగల విషయంలో తయారీదారులు చాలావరకు పేరుకు తగ్గట్టే నడుచుకుంటారు. మిగతా సన్నని వైర్ల రంగులు మాత్రం ఆ తయారీదారు ఇష్టం. ఒకే గుర్తు వేసిన కేబులే అయినా రెండు విడతల్లో తయారైతే లోపలి రంగులు మారవచ్చు. ఈ కేసులోని కేబుల్ మూడు కోయాక్స్ తీగలు, ఆరు సన్నని వైర్లు ఉన్న రకం. సన్నని వైర్లు నలుపు, బ్రౌన్, తెలుపు, పసుపు, నారింజ, బూడిద రంగుల్లో ఉన్నాయి.

ఫిర్యాదు

కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఆ గదిలో రెండో తెర ఉన్నట్టే తెలియడం లేదు. తెలిసినవాటిలో బొమ్మ 1024×768 దగ్గరే ఆగిపోతోంది. ప్రొజెక్టర్ అసలు కొలత 1280×800 కావడంతో అక్షరాలు సాగి, మసకబారి కనిపిస్తున్నాయి. నల్లని అక్షరాల కుడివైపున పలచని నీడ పడుతోంది. తెల్లని పలక మీద ఆ నీడకు కొద్దిగా రంగు కూడా ఉంటోంది. రంగుల్లో మాత్రం తేడా లేదు. తెలుపు తెల్లగానే, ఎరుపు ఎర్రగానే ఉన్నాయి. ప్రొజెక్టర్ పాతబడిందని, దాన్ని మార్చాలని సంస్థ దాదాపు నిర్ణయానికి వచ్చింది.

మొదట ఒక ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్ దగ్గరికి తీసుకెళ్లి పొట్టి కేబుల్‌తో నేరుగా కలిపాను. 1280×800 వెంటనే కనిపించింది, నీడ లేదు. గోడ దగ్గర రెండో తెర కనబడని ల్యాప్‌టాప్ కూడా ఇక్కడ సరిగా పనిచేసింది. దీంతో ప్రొజెక్టర్ మీద అనుమానం పోయి, లోపం గోడకూ పైకప్పుకూ మధ్యనే ఉందని తేలింది. ఇంత సులభమైన పరీక్ష చేయకుండా పరికరం మార్చడానికి సిద్ధపడటం తరచూ చూస్తుంటాను. ప్రొజెక్టర్ అందరికీ కనిపిస్తుంది, గోడలోని అతుకు ఎవరికీ కనిపించదు కనుక అలా జరుగుతుందనుకుంటాను.

విప్పకముందే లక్షణాలు చెప్పినవి

వాల్‌ప్లేట్ విప్పే ముందు లక్షణాలను ఒక్కొక్కటిగా విడదీసి చూడటం నాకు అలవాటు. ఒకసారి విప్పితే, కదిలిన వైర్ల వల్ల అసలు లోపమేదో, మనం తెచ్చిపెట్టిందేదో చెప్పడం కష్టమవుతుంది.

రంగులు సరిగా ఉన్నాయంటే 1, 2, 3 పిన్నుల మధ్య తీగలు సరైన చోటే ఉన్నాయి. ఇది తేల్చడానికి తెల్లని తెర చాలదు. నీలం తెగిపోతే తెలుపు పసుపుగా, ఎరుపు తెగితే నీలాకుపచ్చగా, ఆకుపచ్చ తెగితే ఊదా కలిసిన గులాబీగా మారుతుంది కనుక తెగిన తీగను తెల్లని తెర పట్టిస్తుంది. రెండు రంగులు తారుమారైతే మాత్రం తెలుపు తెలుపుగానే, బూడిద బూడిదగానే ఉంటాయి. అందుకని పూర్తి ఎరుపు, పూర్తి ఆకుపచ్చ, పూర్తి నీలం పలకలను విడివిడిగా వేసి చూశాను. మూడూ సరిగానే వచ్చాయి. బొమ్మ నిలకడగా ఉంది కనుక 13, 14 పిన్నులు కూడా వాటి స్థానాల్లోనే ఉన్నాయి. ఆ రెండూ తారుమారైతే తెర మీద అసలు బొమ్మే నిలవదు.

1024×768 దగ్గర ఆగిపోవడం ఈడీఐడీ అందడం లేదన్న దానికి గుర్తు. ప్రొజెక్టర్ సామర్థ్యం తెలియనప్పుడు కంప్యూటర్ తనకు క్షేమమనిపించిన కొలతను ఎంచుకుంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లకు తెరే కనబడకపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. కొన్ని కంప్యూటర్లు వీడియో పిన్నుల మీద 75 ఓముల భారం ఉందో లేదో చూసి తెరను గుర్తిస్తాయి. మరికొన్ని ఈడీఐడీ అందితేనే నమ్ముతాయి. మొదటి రకానికి బొమ్మ వచ్చింది, రెండో రకానికి రాలేదు. కాబట్టి 9, 12, 15 పిన్నులలో ఒకటో అంతకంటే ఎక్కువో తప్పుగా ఉన్నాయని, మూల కారణం ఒక్కటేనని భావించాను.

నీడ వేరే కథ చెప్పింది. వీడియో కేబుల్ దారి పొడవునా 75 ఓములకు అమరి ఉండాలి; ఆ అమరిక దెబ్బతిన్న చోట సిగ్నల్‌లో కొంత ప్రతిధ్వనిలా వెనక్కి తిరిగి, ఆలస్యంగా తెర మీద నీడగా కనిపిస్తుంది. పది పిక్సెళ్లకొక నిలువు గీత ఉన్న పలకను వేసి చూస్తే, ఒక గీత నీడ దాదాపు పక్క గీత మీదే పడుతోంది. 1024×768 బొమ్మకు సెకనుకు 6.5 కోట్ల పిక్సెళ్లు పంపాలి, అంటే ఒక్కో పిక్సెల్‌కు సుమారు 15 నానోసెకన్లు. ఇలాంటి కేబుల్‌లో సిగ్నల్ మీటరుకు సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. 15 మీటర్ల దూరం పోయి రావడానికి 150 నానోసెకన్లు, అంటే పది పిక్సెళ్లు. బల్ల మీది పొట్టి కేబుల్‌లో ప్రతిధ్వని పుట్టి ఉంటే నీడ ఒకటి రెండు పిక్సెళ్లకు మించి జరిగేది కాదు. నీడ దూరం గోడ కేబుల్ పొడవుకు సరిపోయింది కనుక, దాని రెండు చివర్లలో కనీసం ఒకచోట 75 ఓముల అమరిక గట్టిగా దెబ్బతిందని అర్థమైంది. పైచివర అచ్చు ప్లగ్గు. మిగిలింది వాల్‌ప్లేట్.

అప్పుడు వాల్‌ప్లేట్ ముందు నుంచే, ల్యాప్‌టాప్ తీసేసి, ప్రొజెక్టర్‌ను ఆపేసి, కేబుల్ మాత్రం దానికి తగిలించే ఉంచి మల్టీమీటర్‌తో కొలిచాను. ఎక్కువ ప్రొజెక్టర్లలో వీడియో ప్రవేశం దగ్గర 75 ఓముల రెసిస్టరు ఉంటుంది కనుక, ఒక్కో రంగు పిన్నుకూ దాని తిరుగుదారికీ మధ్య 75 ఓములకు కేబుల్ నిరోధం కొంత కలిసి కనిపించాలి. 2, 7 పిన్నుల మధ్య 80 ఓములకు దగ్గరగా చూపింది. 1, 6 మధ్య, 3, 8 మధ్య ఏమీ లేదు, దారి తెగి ఉంది. అదే 1వ పిన్నును 7తో కొలిస్తే 80 వచ్చింది. 3వ పిన్నుకు కూడా అంతే. అంటే ఎరుపు, నీలం లోపలి తీగలు బాగానే ఉన్నాయి గానీ వాటి షీల్డులను ఎక్కడా కలపలేదు. మూడు రంగుల తిరుగు ప్రవాహమూ ఆకుపచ్చ షీల్డు మీదుగానే పోతోంది. నీడకూ, నీడలోని రంగుకూ అదే కారణం.

ఇంకో కొలత నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. 9వ పిన్నుకూ 7వ పిన్నుకూ మధ్య కొద్ది ఓములు మాత్రమే ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఇచ్చే 5 వోల్టుల పిన్ను నేరుగా గ్రౌండ్‌కు తగులుతోందన్నమాట. చాలా కంప్యూటర్లలో ఆ పిన్నుకు కరెంటు పరిమితి ఉంటుంది కాబట్టే ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదు. అన్నింటిలోనూ అది ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ కొలత చూసిన క్షణం నుంచి, పని పూర్తయ్యేదాకా ఆ వాల్‌ప్లేట్‌కు ఎవరూ ల్యాప్‌టాప్ కలపకుండా సాకెట్ మీద టేపు అంటించాను.

ముందు జరిగిన ప్రయత్నాలు

మొదటిసారి వైరింగ్ చేసిన సాంకేతికుడు ఒక రంగుల పట్టిక చూసి పని చేశాడని సంస్థవారు చెప్పారు. బొమ్మ రాకపోవడంతో తెలుపు, పసుపు వైర్లను మార్చి చూశాడట. బొమ్మ వచ్చింది, పని అయిపోయిందనుకున్నారు. అతని ఆలోచన నాకు అర్థమవుతుంది. బొమ్మ రాకపోతే సింక్ వైర్లనే ముందు అనుమానించాలి, అతను అదే చేశాడు. కానీ రెండు వైర్ల విషయంలో తప్పని తేలిన పట్టికను మిగతా నాలుగు వైర్ల విషయంలో ఎందుకు నమ్మాలన్న ప్రశ్న అక్కడ రావలసింది. ఒక వరుస తప్పని రుజువైతే పట్టిక మొత్తం మన కేబుల్‌ది కాదన్నదే సహజమైన అనుమానం.

ఫలించని దారులు

అదే గుర్తు వేసిన కేబుల్ ఇంకొకటి సంస్థ స్టోర్‌లో మిగిలి ఉంది. రెండు ప్లగ్గులూ సజావుగా ఉండటంతో, దాని పైతొడుగును మధ్యలో కొద్దిగా చీల్చి, సన్నని సూది మొనతో ఒక్కో వైరునూ తాకి, ఏ రంగు ఏ పిన్నుకు పోతుందో రాసుకున్నాను. ఇది గోడలోని కేబుల్‌కు పటంగా పనికొస్తుందన్న ఆశ ఉండేది. నమ్మే ముందు నాకు అప్పటికే తెలిసిన ఒక విషయంతో పోల్చాను. స్టోర్ కేబుల్‌లో బ్రౌన్ వైరు 9వ పిన్నుది, నలుపు గ్రౌండ్‌ది. వాల్‌ప్లేట్ విప్పి చూస్తే అక్కడ కూడా బ్రౌన్ వైరునే 9వ పిన్నుకు సోల్డర్ చేసి ఉన్నారు. గోడలోని కేబుల్ కూడా అదే రకమైతే 9వ పిన్ను గ్రౌండ్‌కు తగలకూడదు, కానీ తగులుతోంది. కాబట్టి రెండు కేబుళ్ల లోపలి రంగులు వేరు. మొదటి సాంకేతికుడి పట్టిక కూడా ఇలాంటి కేబుల్ నుంచే వచ్చి ఉండాలి. ఈ పోలిక చేయకపోతే నేనూ అదే వైరింగ్‌ను మరింత నీటుగా మళ్లీ చేసేవాడిని.

తర్వాత మామూలు పద్ధతి: పైన ఒకరు ప్లగ్గు పిన్నును తాకి పట్టుకోవడం, కింద ఒకరు కంటిన్యూటీ శబ్దం, అంటే దారి కలిసి ఉంటే మల్టీమీటర్ చేసే శబ్దం, వినడం. 15 మీటర్ల దూరానికి మల్టీమీటర్ తీగలు చాలవు కనుక పొడవైన మరో వైరును గది అంచు వెంట లాగాం. ఈ కనెక్టర్‌లో పక్కపక్క పిన్నుల మధ్య దూరం 2.3 మిల్లీమీటర్ల లోపే. నిచ్చెన మీద మెడ పైకెత్తి, అచ్చు ప్లగ్గులో లోతుగా ఉన్న పిన్నును ఒక్కటే తాకడం ఎంత నేర్పున్నా కష్టం. రెండు పిన్నులు ఒకేసారి తగిలినా శబ్దం ఒకేలా వస్తుంది, కింద ఉన్నవారికి తేడా తెలియదు. ఒక వైరు విషయంలో మొదట వచ్చిన సమాధానం, మళ్లీ అడిగినప్పుడు వచ్చిన సమాధానం కలవకపోవడంతో ఆ పద్ధతిని ఆపేశాను. శబ్దం అవును, కాదు అని మాత్రమే చెబుతుంది. ఏ పిన్ను అన్నది పైనున్న మనిషి మాట మీదే ఆధారపడుతుంది. నాకు కావలసింది మనిషి మాట అవసరం లేని కొలత.

పనిచేసిన పద్ధతి

సోల్డర్ చేసుకునే 15 పిన్నుల ఆడ కనెక్టర్ ఒకటి తీసుకుని, ఒక్కో పిన్నుకూ కనెక్టర్ లోహపు ఒంటికీ మధ్య ఒక్కో విలువ రెసిస్టరు సోల్డర్ చేశాను. 9వ పిన్నుకు 220 ఓములు, 12కు 470, 13కు 1 కిలోఓము, 14కు 2.2, 15కు 4.7, ఇక 1, 2, 3 పిన్నులకు వరుసగా 10, 22, 47 కిలోఓములు. 5, 10 పిన్నులను రెసిస్టరు లేకుండా నేరుగా ఒంటికి కలిపాను. కేబుల్‌ను ప్రొజెక్టర్ నుంచి ఊడదీసి దాని చివరకు దీన్ని తగిలిస్తే, నిచ్చెన పని ముగిసినట్టే. కింద వాల్‌ప్లేట్ నుంచి విప్పిన ఒక్కో వైరుకూ కేబుల్ బయటి జల్లెడ షీల్డుకూ మధ్య ఓములు కొలిస్తే, ఆ అంకే పిన్ను పేరు చెబుతుంది.

విలువల ఎంపికలో కొంత ఆలోచన ఉంది. 28 గేజి రాగి వైరుకు మీటరుకు 0.2 ఓముల పైచిలుకు నిరోధం ఉంటుంది. 15 మీటర్లకు మూడు ఓములకు కొంచెం ఎక్కువ. రెసిస్టరు విలువలో 5 శాతం దాకా తేడా ఉండవచ్చు. కాబట్టి ఒక విలువకూ తర్వాతి విలువకూ మధ్య రెండింతల దూరమైనా ఉంటే, కేబుల్ నిరోధం, రెసిస్టరు తేడా కలిసినా ఒకటి ఇంకొకటిగా కనబడే అవకాశం లేదు. ఇంకో ప్రయోజనమూ ఉంది. ఎక్కడైనా రెండు వైర్లు తగులుకుని ఉంటే రెండింటి మీదా ఒకే అంకె వస్తుంది, విలువలు దగ్గరివైతే అది పట్టికలో లేని అంకె అవుతుంది. ఉదాహరణకు 9, 12 తగిలితే 220, 470 సమాంతరంగా కలిసి 150 ఓములు చూపుతుంది. కంటిన్యూటీ శబ్దం ఈ విషయాన్ని చెప్పలేదు.

ముందుగా కేబుల్ బయటి షీల్డు ప్లగ్గు లోహపు ఒంటికి నిజంగా కలిసి ఉందో లేదో చూడాలి, లేకపోతే కొలతలన్నీ తెగిన దారిలాగే కనిపిస్తాయి. ఈ కేబుల్‌లో కలిసే ఉంది. కలిసి లేకపోతే ఒంటికి బదులు 10వ పిన్నును ఆధారంగా పెట్టుకుని, కింద ఒక్కో వైరు జతను కొలుచుకుంటూ పోవచ్చు. కొంచెం ఎక్కువ పని, అంతే.

ఫలితం ఇలా వచ్చింది. పసుపు 13, తెలుపు 14. మొదటి సాంకేతికుడు ప్రయత్నించి సరిచేసినవి ఇవే. బూడిద 15, అది కూడా సరిగానే ఉంది. బ్రౌన్ దాదాపు 4 ఓములు చూపింది, అంటే గ్రౌండ్. దాన్ని 9వ పిన్నుకు సోల్డర్ చేశారు. నారింజ 220, అంటే అసలు 5 వోల్టుల వైరు. దాన్ని 12కు కలిపారు. నలుపు 470, అంటే ఈడీఐడీ సమాచారపు వైరు. దాన్ని 10కి, అంటే గ్రౌండ్‌కు కలిపారు. లక్షణాలన్నీ ఈ మూడు వైర్లతో వివరించబడ్డాయి: ల్యాప్‌టాప్ 5 వోల్టులు బ్రౌన్ మీదుగా ప్రొజెక్టర్ గ్రౌండ్‌కు పోతున్నాయి, ప్రొజెక్టర్ సమాచారపు పిన్నును నల్ల వైరు ల్యాప్‌టాప్ గ్రౌండ్‌కు కట్టేసింది. నల్ల వైరు గ్రౌండే అయి ఉంటుందన్న నమ్మకం ఎంత బలమైనదో ఇక్కడ కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగలు తమ రంగుకు తగిన అంకెలే చూపాయి, అయినా వాటినీ కొలిచే రాసుకున్నాను.

6, 7, 8 పిన్నులకు రెసిస్టర్లు పెట్టలేదు. ఏ షీల్డు ఏ తీగను చుట్టుకుని ఉందో అది ఆ రంగుదే. దీనికి కొలత అవసరం లేదు.

తిరిగి కలపడం

తెగిన చివరకు మళ్లీ ప్లగ్గు బిగించి, ముందు వెనుకలా సాకెట్లున్న వాల్‌ప్లేట్ వాడటం ఒక ప్రత్యామ్నాయం. అప్పుడు గోడలో సోల్డర్ పని ఉండదు. కానీ చేత్తో బిగించే ప్లగ్గులోనూ ఇవే వైర్లు, ఇవే పిన్నులు. పైగా గోడ డబ్బా లోతు ప్లగ్గుకూ కేబుల్ వంపుకూ చాలదు. అందుకని ఉన్న సాకెట్‌కే మళ్లీ సోల్డర్ చేయాలని నిర్ణయించాను.

సాకెట్ వెనుక వైపు పిన్ అంకెలు ఈ వాల్‌ప్లేట్‌లో అచ్చు వేసి లేవు. వెడల్పు వైపు పైకి పెట్టి ఆడ సాకెట్‌ను ముందు నుంచి చూస్తే 1వ పిన్ను కుడి చివర ఉంటుంది, సోల్డర్ చేసే వెనుక నుంచి చూస్తే ఎడమ చివర. ఈ తిరకాసులో ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. ముందు వెనుకలు తారుమారైనా నడిమి నిలువు వరుసలోని 3, 8, 13 పిన్నులు తమ చోటే ఉంటాయి. అంటే నీలం, దాని షీల్డు, హెచ్-సింక్ సరిగానే తేలతాయి. 1వ పిన్ను 5 స్థానంలోకి, 2వది 4 స్థానంలోకి, 14వది 12 స్థానంలోకి పోతాయి. నీలం ఒక్కటి చూసి అంతా సరే అనుకునేవారిని ఇది తేలిగ్గా మోసగిస్తుంది. అందుకని సోల్డర్ చేయకముందే, రెండు చివర్లా ప్లగ్గులున్న మంచి పొట్టి కేబుల్‌ను ముందు నుంచి తగిలించి, దాని అవతలి ప్లగ్గులోని 1, 5 పిన్నులను వెనుక సోల్డర్ కప్పులతో కలిపి కొలిచి, మార్కర్‌తో 1వ స్థానాన్ని గుర్తుపెట్టుకున్నాను.

షీల్డుల విషయంలో సమయం ఎక్కువే తీసుకున్నాను. పాత వైరింగ్‌లో షీల్డులను చాలా దూరం విప్పి, రెండింటిని కత్తిరించేశారు. తెగిన భాగం మొత్తాన్ని కోసేసి కొత్తగా తొడుగు తీశాను. ఒక్కో షీల్డునూ విడిగా పురిపెట్టి, దాని మీద వేడికి ముడుచుకునే స్లీవు ఎక్కించి, 6, 7, 8 పిన్నులకు వేర్వేరుగా సోల్డర్ చేశాను. షీల్డు లేకుండా బయటపడే లోపలి తీగ పొడవు సెంటీమీటరు దాటకుండా చూశాను. మూడింటినీ ఒకే ముడిగా కట్టి ఒక పిన్నుకు వేస్తే బొమ్మ వస్తుంది. కానీ ఒక రంగు ప్రవాహం ఇంకో రంగు దారిలోకి పోతుంది, కేబుల్ పొడవు పెరిగేకొద్దీ అది తెర మీద కనిపిస్తుంది. కోయాక్స్ లోపలి ప్లాస్టిక్ తేలిగ్గా కరుగుతుంది కనుక సోల్డరింగ్ ఐరన్‌ను ఒక్కో చోట ఒకటి రెండు సెకన్లకు మించి ఉంచలేదు. బయటి షీల్డును సాకెట్ లోహపు ఒంటికి బిగించాను.

పరీక్షల వరుస

ల్యాప్‌టాప్ తగిలించే ముందే వైరింగ్ సరైనదని తెలియాలి. రెసిస్టర్ల కనెక్టర్ పైన ఉండగానే, ఇప్పుడు వాల్‌ప్లేట్ ముందు సాకెట్‌లో ఒక్కో పిన్నునూ కొలిచాను. అంకెలన్నీ పట్టికకు సరిపోయాయి, వింత విలువ ఒక్కటీ రాలేదు. ఆ తర్వాత పైన ప్రొజెక్టర్‌ను కలిపి, అది ఆపి ఉండగానే 1-6, 2-7, 3-8 కొలిస్తే మూడూ 80 ఓముల దగ్గరే వచ్చాయి. 9వ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య ముందున్న కొద్ది ఓముల దారి ఇప్పుడు లేదు. అప్పుడే టేపు తీశాను.

ల్యాప్‌టాప్ కలిపిన వెంటనే ప్రొజెక్టర్ పేరూ, 1280×800 కొలతా కనిపించాయి. ఈ కొలతకు సెకనుకు 8 కోట్లకు పైగా పిక్సెళ్లు పంపాలి కనుక షీల్డుల పనికి ఇది ముందటికన్నా గట్టి పరీక్ష. పది పిక్సెళ్ల గీతల పలకలో నీడ పోయింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, బూడిద మెట్ల పలకలు చూశాక, ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపుగా ఉండే పలక వేసి ప్రొజెక్టర్‌లో ఆటోమేటిక్ సర్దుబాటు చేయించాను. సన్నని గీతల మీదే ఆ సర్దుబాటు కచ్చితంగా కుదురుతుంది.

ఈ కేసు నుంచి తీసుకోవలసినవి

పిన్ పటం ఎన్నిసార్లయినా చూడవచ్చు. రంగుల పట్టికను మాత్రం అది ఏ కేబుల్‌ను కొలిచి రాసినదో తెలియకపోతే పక్కన పెట్టాలి. ఈ కేసులో కొలిచిన రంగుల వివరాన్ని ఒక చీటీ మీద రాసి గోడ డబ్బా లోపల పెట్టాను. అది ఈ ఒక్క కేబుల్‌కే వర్తిస్తుందని, పక్క గదుల వైర్లకు వాడకూడదని అందులోనే రాశాను. అలా రాయకపోతే నా చీటీయే రేపు ఇంకొకరి తప్పు పట్టిక అవుతుంది.

బొమ్మ వచ్చిందన్నది వైరింగ్ సరైనదనడానికి రుజువు కాదు. ఆరు సన్నని వైర్లలో మూడు తప్పుగా ఉండి, మూడు షీల్డుల్లో రెండు లేకపోయినా ఇక్కడ బొమ్మ వచ్చింది. పని ముగిసిందని సంతకం చేసే ముందు ప్రొజెక్టర్ పేరు, దాని అసలు కొలత కంప్యూటర్‌లో కనిపిస్తున్నాయో లేదో చూడాలి. అది ఒక నిమిషం పని.

అన్నింటికంటే ముందు చేయవలసిన కొలత 9వ పిన్నుది. అనుమానమున్న ఏ వాల్‌ప్లేట్‌కైనా ల్యాప్‌టాప్ కలపడానికి ముందే దానికీ గ్రౌండ్‌కూ మధ్య ఓములు చూడటం ఇప్పుడు నా పనుల వరుసలో మొదటిది. వైర్లను మార్చి మార్చి చూసే పద్ధతిని పరికరాలు తగిలించి ఉండగా అనుసరించవద్దని నేను గట్టిగా చెప్పేది కూడా ఈ పిన్ను వల్లే. ఆ గదిని ఎక్కువగా వాడిన బోధకుల ల్యాప్‌టాప్‌లను తర్వాత ఒక్కొక్కటిగా కొలిచాను. ఒకదానిలో తప్ప అన్నింటిలోనూ 9వ పిన్ను దగ్గర 5 వోల్టులు ఉన్నాయి. ఆ ఒక్కదానిలో ఏమీ రావడం లేదు. ప్రొజెక్టర్ తన సొంత కరెంటుతో ఈడీఐడీ ఇస్తుంది కనుక ఈ గదిలో దానికి ఇబ్బంది కనబడదు. ఆ నష్టం ఈ వాల్‌ప్లేట్ వల్లే జరిగిందని రుజువు చేసే దారి లేదు. కొలతను మాత్రం నివేదికలో రాసి, ఆ ల్యాప్‌టాప్ ఉన్న బోధకునికి తెలియజేశాను.